పావు చుట్టు

"పుట్టకముందే దీని కళ్లు పొడిచింది మీరే! ముందు వరసలో కూర్చున్న మీరు, బోర్డు దగ్గర నిలబడ్డ మీరు, ఆ మూల లెక్కల కట్ట ఒళ్లో పెట్టుకున్న మీరు. మీతో పాటు నేను."

సమావేశపు హాల్లో తలలన్నీ తలుపు వైపు తిరిగాయి. అరిచిన మనిషి తల మీది తెల్ల టోపీ తీయలేదు, కాళ్లకున్న నీలం గుడ్డ తొడుగులు విప్పలేదు. కొలతల గదిలోంచి ఎలా ఉన్నదో అలాగే పరుగెత్తుకొచ్చింది. అక్కడ అందరూ ఆమెను స్కేలమ్మ అంటారు. పద్దెనిమిదేళ్లుగా అద్దాలు కొలవడమే ఆమె పని. పెద్ద చదువులేవీ లేవు. కొలిచీ కొలిచీ నేర్చుకుంది.

బోర్డు దగ్గరున్నాయన ఈ పథకానికి డైరెక్టరు. పనివాళ్లు ఆయనకు పెట్టుకున్న పేరు 'అంతాబాగుంది'. ఏమడిగినా ఆయన నోట ముందు వచ్చే మాట అదే.

"అమ్మా, తనిఖీ కమిటీ కూర్చుని ఉండగా ఇదేం పద్ధతి? అంతా బాగుంది. నువ్వెళ్లి కాసిన్ని మంచినీళ్లు తాగు."

"బాగుంటే నేనెందుకొస్తాను సార్? పొద్దున తొమ్మిదింటికి గొట్టాన్ని కొలిచాను. చుక్క రావాల్సిన చోట గీత వచ్చింది. ఒకసారి కాదు, మూడుసార్లు."

ఆ చుక్కేమిటో, గీతేమిటో చెప్పాలి. లేకపోతే ఈ గొడవంతా గాలిలో దెబ్బలాటలా ఉంటుంది.

గోడ మీద వేలాడుతున్న పటంలో ఒక పెద్ద దుర్బిణి ఉంది. నేల మీద పెట్టేది కాదు, ఆకాశానికి పంపేది. చచ్చిపోతున్న నక్షత్రాలు, నక్షత్రాలను మింగే చీకటి గుంటలు ఎక్స్‌రే వెలుగును కక్కుతాయి. మన గాలి ఆ వెలుగును కిందికి రానివ్వదు. అందుకని దుర్బిణే గాలి దాటి పైకి వెళ్లాలి. పైగా ఈ వెలుగు మహా పెంకిది. మామూలు అద్దానికి ఎదురుగా తగిలితే తిరిగి రాదు, అందులోనే ఇంకిపోతుంది. చెరువు మీదికి ఏటవాలుగా విసిరిన పెంకు నీళ్లను రాసుకుంటూ పోయినట్టు, అద్దాన్ని రాసుకుంటూ పోతేనే వంగుతుంది. కాబట్టి ఇక్కడ అద్దమంటే పళ్లెం కాదు, గొట్టం. లోపలి వైపు బంగారు పూత పూసిన పలచని లోహపు గొట్టం. అలాంటివి నూట నలభై, ఒకదానిలో ఒకటి దూర్చాలి. అవన్నీ కలిసి వెలుగును ఒక్క చుక్క మీదికి తేవాలి. చుక్క ఎంత చిన్నదైతే చూపు అంత వాడి.

ఇంకా ఇదంతా కాగితం మీదే ఉంది. నమూనాగా చేసి చూసి తీసేసినవి పోగా, చేతిలో ఉన్నది ఒకే ఒక్క గొట్టం. ఆ గొట్టం ఆకారాన్ని కమిటీ ఇవాళ నాలుగు గంటలకు సంతకం పెట్టి ఖాయం చేస్తుంది. ఆ సంతకం పడితే అదే ఆకారం లెక్కన మిగతా గొట్టాలన్నింటికీ, వాటి వాటి సైజులో, అచ్చులు కోస్తారు. ఆ పైన వెనక్కి తిరగడమనేది లేదు. పైకి వెళ్లాక బాగుచేసి రావడానికి నిచ్చెనా లేదు.

అదీ సంగతి. నాలుగు గంటల లోపు ఆ సంతకాన్ని ఆపాలి. అప్పటికి టైము పదింబావు.

"ఏ ఊయల మీద పెట్టి కొలిచావు?" అన్నాడు డైరెక్టరు.

"ఊయలేది సార్? కమిటీ వస్తోందని రంగెయ్యడానికి మీరే పంపించారుగా."

కొలిచేటప్పుడు గొట్టాన్ని పడుకోబెట్టే ఇనుప తొట్టినే వాళ్లు ఊయల అంటారు. నిన్న దాన్ని రంగుకు పంపారు. గొట్టాన్ని నురగ మెత్తల మీద పడుకోబెట్టారు. పెట్టిన వాళ్లు గొట్టం నెత్తిన ఉండే ఎర్ర గుర్తు ఎటుందో చూసుకోలేదు. అది పక్కకు వచ్చింది. పొద్దున స్కేలమ్మ దీపం వెలిగించి చూసేసరికి, తెర మీద ఆవగింజంత చుక్కకు బదులు అగ్గిపుల్లంత గీత.

డైరెక్టరు కమిటీ వైపు తిరిగి నవ్వాడు. "విన్నారుగా. మెత్తల మీద పెట్టి కొలిచిందట. పరుపు మీద తక్కెడ పెట్టి తూచినట్టు. దీనికింత రాద్ధాంతం."

"మెత్తల వల్లేనని నేనూ అనుకున్నాను సార్. తర్వాత మన ఊయల గుర్తొచ్చింది. దానికి గొట్టాన్ని పట్టి ఉంచే గాట్లెన్ని? రెండు. ఎర్ర గుర్తు పైకి ఒకటి, కిందికి ఒకటి. రెండేళ్లుగా పైకి పెట్టి కొలుస్తాం, నెలకోసారి బోర్లా తిప్పి కొలుస్తాం. రెండూ ఒకేలా వచ్చాయని సంబరపడతాం. పక్కకు ఎప్పుడైనా తిప్పామా?"

"నెలనెలా సరిచూస్తూనే ఉన్నామని నువ్వే చెబుతున్నావు."

"చూసినట్టు నటించాం సార్."

ఆమె మూలనున్న లెక్కలాయన వైపు తిరిగింది. ఆయన మంచివాడే. నోట్లో నాలుక లేనివాడు, అదే వచ్చిన చిక్కు. "అన్నా, గొట్టం తన బరువుకి తాను ఎంత వంగుతుందో లెక్క కట్టిన పేజీ ఉందిగా. తీయండి. అది ఎంత మందానికి కట్టారు?"

ఆయన కళ్లజోడు సర్దుకుని పేజీలు తిప్పాడు. చాలాసేపు తిప్పాడు. "మూడు మిల్లీమీటర్లకు."

"ఇప్పుడు గొట్టం గోడ మందం ఎంత?"

ఆయన డైరెక్టరు వంక చూశాడు, బల్ల వంక చూశాడు. "ఒకటి."

హాల్లో ఎవరో కుర్చీ కిర్రుమనిపించారు. రెండేళ్ల కిందట ఇదే హాల్లో, ఇదే బల్ల దగ్గర, పైకి పంపే బరువు మించిపోతోందని గోడను పలచన చేశారు. ఇంకో పరికరం ఎక్కించడానికి చోటు కావాలి మరి! అందరూ చప్పట్లు కొట్టారు. పాత లెక్క పేజీని మాత్రం కొత్త కట్టలో అలాగే కుట్టేశారు. గోడ మూడింతలు పలచనైతే వంపు తొమ్మిదింతలవుతుందని చెప్పే మనిషి అక్కడే ఉన్నాడు. ఎవరూ అడగలేదు, ఆయనా చెప్పలేదు. తలా పిడికెడు పాపం.

కమిటీ అధ్యక్షురాలు ముందుకు వంగింది. జుట్టంతా నెరిసిన మనిషి. పెన్ను బల్ల మీద పెట్టి అడిగింది: "గొట్టాన్ని పక్కకు తిప్పి, మెత్తల మీద కాదు, మీ ఊయల మీదే పెట్టి కొలవగలవా?"

"కొత్త గాట్లు కోయాలి మేడమ్. నాలుగు గంటల పని."

"ఒప్పుకోను," అన్నాడు డైరెక్టరు. "ఉన్నది ఒక్క గొట్టం. కాగితమంత పలచన. తిప్పడంలో సొట్ట పడితే చూపించడానికి ఏమీ మిగలదు."

"ఒక్కటే ఉందని ఇవాళ తిప్పకపోతే," అందావిడ, "పైకి నూట నలభై పోతాయి. అక్కడ ఎవరు తిప్పుతారండీ? నాలుగింటి దాకా టైముంది. కానివ్వండి."

*

గొట్టాన్ని చేత్తో ఎత్తడానికి అక్కడ ఇద్దరికే అనుమతి. ఒకరు ఫిట్టరు. రెండోవాడు అచ్చు నునుపు చేసే పెద్దమనిషి, స్కేలమ్మకు సొంత మేనమామ. ఆమెను ఈ పనిలోకి తెచ్చిందీ ఆయనే. గొట్టం పుట్టేది ఆ అచ్చు మీదే. రెండు చేతులా కౌగిలించుకునేంత లావు లోహపు దిమ్మె అది. దాని మీద లోహం పేరబెట్టి, చల్లబరిచి, తొడుగు ఊడదీసినట్టు గొట్టాన్ని ఊడదీస్తారు. అచ్చు ఎలా ఉంటే గొట్టం అలా.

ఆయన మెత్తటి గుడ్డతో అచ్చు మీద దుమ్ము తుడుస్తున్నాడు. లేని దుమ్మును ఆయన రోజుకు నాలుగుసార్లు తుడుస్తాడు.

"మామయ్యా, గొట్టం తిప్పాలి. నీ చేతులు కావాలి."

"నెలనెలా తిప్పుతూనే ఉన్నాంగా."

"సగం కాదు. పావు చుట్టు."

ఆయన గుడ్డ ఆపాడు. ఎందుకని అడగలేదు. ఆమె బల్ల మీదున్న అట్టపెట్టె టేపు చుట్ట తీసుకుని, బొటనవేలితో పైనుంచి కొంచెం నొక్కింది. గుండ్రం కాస్తా కోలగా అయింది.

"ఇది బరువుకి వంగిన గొట్టం అనుకో. బోర్లా తిప్పాను. ఏమైనా మారిందా? అదే కోల. అందుకే మన రెండు కొలతలూ కవలపిల్లల్లా వచ్చాయి. అచ్చు మీంచి ఊడేటప్పుడు బిగువుకి కోలగా అవుతోందని అందరూ అన్నారు. అది కాదు మామయ్యా. పడుకోబెట్టిన ప్రతిసారీ బరువుకి కోలగా అవుతోంది. ఆ కోలని నేను తప్పు అని రాశాను. నువ్వు దాన్ని సరిచెయ్యడానికి అచ్చుని అటువైపు కోలగా అరగదీశావు. ఇక్కడ రెండు వంకరలూ కలిసి సాపు అయ్యాయి. పైన బరువుండదు. అక్కడ మిగిలేది..."

"నేను చెక్కిన వంకర."

ఆయన స్టూలు మీద కూర్చున్నాడు. తన చేతులు చూసుకున్నాడు. ఆ చేతుల కోసం మూడు కర్మాగారాలు కొట్టుకున్న రోజులున్నాయి.

"ఇరవై మూడుసార్లు రాసిచ్చావు. ఇరవై మూడుసార్లు అరగదీశాను. ఒక్కసారీ అనుమానం రాలేదా పిల్లా?"

"రాలేదు."

"నాకొచ్చింది."

ఆమె తలెత్తింది.

"నాలుగోసారి అరగదీసినప్పుడే వచ్చింది. అచ్చు గుండ్రం పోతోందని వేళ్లకి తెలిసింది. డైరెక్టరు దగ్గరికెళ్లి చెప్పాను. 'అంతా బాగుంది, యంత్రం కన్నా నీ వేలెక్కువా' అన్నాడు. సరే, మా మేనకోడలి అంకెలున్నాయిగా, నా వేళ్లదేముందిలే అనుకున్నాను. నీ మీద నమ్మకంతో నోరు మూసుకున్నాను."

"నాకు చెప్పాల్సింది మామయ్యా."

"నువ్వు అడగాల్సింది."

గోడ గడియారంలో పదకొండున్నర. ఆయన లేచి, గుడ్డను నాలుగు మడతలు వేసి పక్కన పెట్టాడు. "పద. తప్పో ఒప్పో, ఎత్తేది మాత్రం నేనే. ఆ ఫిట్టరు దాన్ని గ్యాసు బండలా ఎత్తుతాడు."

*

రంగుల షెడ్డు నుంచి ఊయల వచ్చేసరికి పన్నెండు దాటింది. రంగు ఇంకా తడి ఆరలేదు.

"కమిటీ వాళ్లు చేతులెయ్యరులే, పైపైన మెరిస్తే చాలు అన్నారు," అంటూ ఫిట్టరు ఆకుపచ్చ అరచేతులు చూపించాడు. "ఇప్పుడు చూడక్కా నా బతుకు. చిలకలా ఉన్నాను."

"మాట్లాడకుండా కొయ్యి."

"కోస్తున్నాను. మాట్లాడితే నా చెయ్యి బాగా ఆడుతుంది."

పక్కవైపు రెండు గాట్లు. పాత గాట్లెంత లోతో ఇవీ అంతే ఉండాలి. వెంట్రుకవాసి తేడా వచ్చినా 'గాటు వంకర, గొట్టం కాదు' అని డైరెక్టరు అనేస్తాడు. స్కేలమ్మ కొలవడం, ఫిట్టరు ఆకురాయి రుద్దడం, మళ్లీ కొలవడం. ఒంటిగంట. ఒకటిన్నర. భోజనానికి ఎవరూ వెళ్లలేదు. కొలతల గది గాజు తలుపు అవతల డైరెక్టరు పచార్లు చేస్తున్నాడు. ఒకసారి వసారాలో బల్ల మీది ఫోను ఎత్తి మాట్లాడి వచ్చాడు. రెండింటికి అధ్యక్షురాలు తానే తెల్ల టోపీ పెట్టుకుని లోపలికొచ్చి గోడ పక్కన నిలబడింది.

ముందు ఎర్ర గుర్తు పైకి పెట్టారు. దీపం వెలిగింది. పొడుగాటి చీకటి సొరంగం అవతలి నుంచి వచ్చిన వెలుగు గొట్టం గోడను రాసుకుంటూ పోయి తెర మీద పడింది. చుక్క. నల్లటి తెర మీద ముత్యంలా ముద్దొచ్చే చుక్క. వచ్చినవాళ్లందరికీ చూపించి మెప్పు పొందిన చుక్క.

"చూశారా?" గాజు అవతల నుంచి డైరెక్టరు గొంతు. "అంతా బా..."

"ఇక ఎత్తు మామయ్యా," అంది స్కేలమ్మ.

ఈవైపు మేనమామ, ఆవైపు ఫిట్టరు. నాలుగు చేతులు. గొట్టం లేచింది. అంత పలచని లోహం గాలికి కూడా సన్నగా గుయ్‌మంటుంది. "నెమ్మదిగా... నా వైపు... నా వైపు రా అంటుంటే..." గుర్తు పైనుంచి పక్కకు జారుతోంది. సగం దూరం వచ్చాక మేనమామ ముంజేయి ఊయల అంచుకు తగిలింది. చేతి తొడుగు తడి రంగుకు అతుక్కుపోయింది. ఆయన చెయ్యి రావడం లేదు.

"ఆగు!"

ఫిట్టరు ఉన్నచోటే కొయ్యబారాడు. గొట్టం గాలిలో ఉంది. ఇటు లాగితే సొట్ట, అటు వదిలితే ముక్క. దగ్గరికి పోయి పట్టుకోవాలని స్కేలమ్మకు కాళ్లు లాగుతున్నాయి. పోతే మూడో మనిషి ఒంటి వేడి కూడా తోడై, గొట్టం చల్లబడేసరికి నాలుగు దాటుతుంది. ఎక్కడిదక్కడ నిలబడింది.

"కత్తెర," అన్నాడు మేనమామ. "అమ్మాయ్, దూరం నుంచే చెయ్యి చాపి తొడుగు చివర కత్తిరించు. నన్ను ముట్టుకోకు."

ఆమె కత్తిరించింది. చెయ్యి వచ్చేసింది. తొడుగు ముక్క ఆకుపచ్చ రంగులో ఉండిపోయింది. గొట్టం గాట్లలోకి పిల్లి అడుగు వేసినంత మెత్తగా దిగింది.

"రామచంద్రా," అన్నాడు ఫిట్టరు. "నా ఆయుష్షులో పదేళ్లు పోయాయి. ఎవరి ఖాతాలో రాయమంటారు?"

లోహం చల్లబడాలి, గంట ఆగాలి. ఆగారు.

మూడుంబావుకి దీపం వెలిగించారు.

గీత. పొద్దున మెత్తల మీద వచ్చిన దానికన్నా సూటిగా, నిటారుగా, కర్ర పాతినట్టు. అధ్యక్షురాలు అడక్కముందే స్కేలమ్మ తెర మీది వెలుగును పట్టే కెమెరాను తిప్పి చూపించింది, దీపం మార్చి చూపించింది. గీత గీతలాగే ఉంది.

"పైన ఇంత ఉండదు మేడమ్," అంది. "ఇక్కడ బరువు వంకర, మేం చెక్కిన వంకర రెండూ కలిసి ఇంతయ్యాయి. పైన బరువుండదు కాబట్టి ఇందులో సగం. కానీ సగం గీత కూడా గీతే. పక్కపక్కనున్న రెండు నక్షత్రాలు ఒక్కటిగా కనిపిస్తాయి. ఏది ఏదో చెప్పలేం."

మేనమామ తెర దగ్గరికొచ్చి ఆ గీతను పైనుంచి కిందిదాకా చూశాడు. "రెండేళ్లు," అన్నాడు. తర్వాత మరీ నెమ్మదిగా, "చెక్కడం మాత్రం బాగానే చెక్కాను. అనుకున్న వంకర అనుకున్నట్టే వచ్చింది." ఆ మాటకు ఫిట్టరు పక్కకు తిరిగి కళ్లు తుడుచుకున్నాడు. ముఖమంతా ఆకుపచ్చ అయింది.

డైరెక్టరు తలుపు తీసుకుని లోపలికొచ్చాడు. ముఖాన చెమట. అయినా నాలుక ఆడుతూనే ఉంది. "చూడండి, దీన్ని కాదనడం లేదు. నివేదిక చివర ఒక అనుబంధం చేరుద్దాం. 'కొన్ని సవరణలు తర్వాత చేయబడును.' సంతకం మాత్రం ఇవాళ పడిపోతే..."

చేయబడును! ఎవరి చేత? ఎప్పుడు? చేసేవాడి పేరు లేని మాట మీద ఎన్ని వంతెనలు కూలాయో, ఎన్ని ఇళ్లు ఆరిపోయాయో ఎవరికి తెలియదు?

"సంతకం పెట్టను," అంది అధ్యక్షురాలు. పెన్నుకు మూత బిగించింది.

స్కేలమ్మ గోడకు ఆనుకుంది. ఆగింది. సంతకం నాలుగు కాకముందే ఆగింది. కానీ డైరెక్టరు ముఖం చూస్తే ఆగినట్టు లేదు. ఆయన ఆమెను చూడటం లేదు, కమిటీని చూడటం లేదు. చేతి గడియారం చూస్తున్నాడు.

"ఏం చేశారు సార్?" అంది.

ఆయన పెదవి తడుపుకున్నాడు. "మధ్యాహ్నం... సంతకం ఎలాగూ పడుతుందని... అచ్చుల కర్మాగారానికి చెప్పేశాను. కొలతలు పంపేశాను. యంత్రాలు ఖాళీగా ఉంచడమెందుకని."

"ఎన్ని?"

"మొదటి విడత ఇరవై దిమ్మెలు. మూడింటికి మొదలుపెడతామన్నారు."

గోడ గడియారంలో అప్పటికే మూడూ ఇరవై రెండు.

"కోసిన లోహం మళ్లీ అతకదు," అన్నాడు మేనమామ, ఎవరితోనో కాదు.

ఫిట్టరు తలుపు బార్లా తీసి పట్టుకున్నాడు. స్కేలమ్మ వసారాలో బల్ల మీదున్న ఫోను తీగతో సహా లాక్కొచ్చి డైరెక్టరు ముందు పెట్టింది.

"ఆ అంతా బాగుందన్న మాట ఇక కట్టిపెట్టండి సార్. ఫోను తీయండి. పంపించింది మీరు, ఆపాల్సిందీ మీరే. యంత్రాలన్నీ ఆపమనండి. ఆపామని అక్కడి ఫోర్‌మన్ నోటితో చెబితే వినాలి, ఈ గదిలో అందరం వినాలి. తర్వాత లెక్కలాయన్ని పిలిచి ఒక మిల్లీమీటరు గోడకి వంపు మళ్లీ కట్టించండి. మా మామయ్య వేళ్లకు తెలిసింది కాగితం మీద రాయించండి. గొట్టాన్ని నాలుగు వైపులా తిప్పి కొలవందే ఏ పేజీ ముందుకు కదలకూడదు. తప్పు జరిగిందని మీ పేరుతో రాయండి, నా పేరూ రాయండి. అవన్నీ సాయంత్రం చూద్దాం. ముందు ఫోను. తీయండి సార్! అవతల కోత నడుస్తోంది."